లేబుల్ చెప్పని దారి

ఈ వారం ఒక కుర్రాడు ట్రేస్‌రూట్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. రెండే వరుసలు. కింద తీర్పు: ‘నెట్‌వర్క్ బాగానే ఉంది సార్.’ ఒళ్లు మండింది. ఆ రెండు వరుసల నడుమ నాలుగు స్విచ్‌లున్నాయి. టీటీఎల్‌ని తగ్గించేది రౌటర్. స్విచ్ దాని జోలికి పోదు, అందుకే ట్రేస్‌రూట్‌కి కనపడదు.

ఇక నా పాత పాట మొదలనుకుంటున్నారు కదా! ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా లేబుల్, ర్యాక్ తలుపు వెనక బొమ్మ. వింటున్నాను, నవ్వుకోండి.

దారి పట్టే పద్ధతి మీకు తెలిసిందే. గేట్‌వే ఏఆర్‌పీ పట్టికలో ఐపీకి మ్యాక్ అడ్రస్ చూడాలి. ఆ మ్యాక్ ఏ పోర్టు మీద ఉందో కోర్ స్విచ్‌ని అడగాలి. పోర్టు అవతల ఎవరో ఎల్‌ఎల్‌డీపీ చెబుతుంది. అక్కడికెళ్లి మళ్లీ అదే ప్రశ్న. అయితే ముందు పింగ్ కొట్టాలి. చాలా స్విచ్‌ల జ్ఞాపకం 300 సెకన్లే. ప్రింటర్ అంతసేపు నోరు మెదపకపోతే పట్టికలోంచి మాయం.

ఒక కాలేజీలో ల్యాబ్ నత్తనడక నడుస్తోందని పిలిచారు. లేబుళ్లు ముచ్చటగా ఉన్నాయి. బొమ్మలో ల్యాబ్ నుంచి కోర్‌కి గిగాబిట్ లింకు. కోర్ పట్టిక మాత్రం ల్యాబ్ మెషిన్లన్నీ లైబ్రరీ వైపున్నాయంటుంది! ఎవరో ల్యాబ్ స్విచ్‌కీ లైబ్రరీ స్విచ్‌కీ మధ్య ఒక ప్యాచ్ కార్డ్ గుచ్చారు. రేడియా పర్ల్‌మన్ 1985లో రాసిన స్పానింగ్ ట్రీ లూప్ రాకుండా కాపాడింది, నిజమే. కానీ ప్రయారిటీ అన్నిటికీ ఫ్యాక్టరీలో పెట్టిన 32768యే. అలాంటప్పుడు చిన్న మ్యాక్ ఉన్నదే రూట్. ఆ యోగం లైబ్రరీలోని ముసలి 100 మెగాబిట్ స్విచ్‌కి పట్టింది. దాంతో ల్యాబ్-కోర్ లింకు ఆగిపోయి, ట్రాఫిక్ అంతా ఆ ముసలిదాని నెత్తిన పడింది. గిగాబిట్ కేబుల్‌కి ఏ లోపమూ లేదు, లేబుల్‌లో అబద్ధమూ లేదు. అందులోంచి ల్యాబ్ ఫ్రేము ఒక్కటీ పోవట్లేదంతే. కార్డ్ పీకి, కోర్ ప్రయారిటీ 4096కి దించితే ల్యాబ్ తేరుకుంది.

ఇన్నేళ్లుగా మీ చెవుల్లో పోరిన లేబుల్ తీగ ఎక్కడికెళ్తుందో చెబుతుంది. ఫ్రేము ఎటెళ్తుందో చెప్పదు. అందుకే ఇప్పుడు గీసే బొమ్మల్లో రూట్ ఎవరో, ఏ పోర్టు ఆగి ఉందో, తేదీతో సహా రాస్తున్నాను. అయినా ఫాల్ట్ వచ్చిన రోజు ఆ బొమ్మ ఆఖర్నే తీస్తాను.