స్టోన్‌హెంజ్ రహస్యం విడిందా?

ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ శిలావలయం ప్రసక్తి వస్తే చాలు, తరగతిలో ఎవరో ఒకరు “అది ప్రాచీనుల కంప్యూటరు కదండీ” అంటారు. ఈ ప్రచారానికి మూలం ఖగోళ శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ హాకిన్స్ 1965లో వెలువరించిన ‘స్టోన్‌హెంజ్ డీకోడెడ్’. గ్రంథం హాయిగా చదివిస్తుంది. పేరులో చెప్పినట్లు రహస్యం విడిందా అన్నది వేరే ప్రశ్న.

హాకిన్స్ అక్కడి రాళ్ల, గోతుల స్థానాలను గణనయంత్రానికి అందించి, వాటిని కలిపే రేఖలు సూర్యచంద్రుల ఉదయాస్తమయ స్థానాలకు సరిపోతాయేమో చూశాడు. చాలా సరిపోయాయి. ఇందులో వింత ఏమున్నది? కాగితంపై 100 చుక్కలు పెట్టి రెండేసి చొప్పున కలిపితే 4,950 గీతలు వస్తాయి. వాటిలో కొన్నయినా ఏదో ఒక ముఖ్యమైన దిక్కును చూపకపోతేనే వింత. స్టోన్‌హెంజ్‌ను స్వయంగా తవ్విన రిచర్డ్ ఆట్కిన్సన్ 1966లో ఈ వాదాన్ని ఖండిస్తూ రాసిన వ్యాసానికి ‘మూన్‌షైన్ ఆన్ స్టోన్‌హెంజ్’ అని పేరు పెట్టాడు. మూన్‌షైన్ అంటే వెన్నెల. వట్టిమాట అని కూడా అర్థం!

ఇక 56 గోతుల సంగతి. చంద్రమార్గం సూర్యమార్గాన్ని ఖండించే బిందువులే మన పంచాంగాల రాహుకేతువులు. గ్రహణాలు వాటి దగ్గరే సంభవిస్తాయి. అవి ఒక చుట్టు తిరగడానికి 18.61 ఏళ్లు, మూడు చుట్లకు 55.83. కనుక గుర్తురాళ్లను ఏటా ఒక్కొక్క గోయి జరుపుతూ గ్రహణాలను ముందే తెలుసుకొనేవారని హాకిన్స్ ఊహ. చక్కని ఊహే. కాని అలా చేయవచ్చుననడం వేరు, చేశారనడం వేరు. ఆ గోతులలో దొరికినవి దహనం చేసిన మనుష్యుల అస్థికలు. 1920ల తవ్వకాలలోనే బయటపడిన వీటిని 1935లో ఒక గోతిలో పూడ్చి, 2008లో మళ్లీ తీశారు. ఇవి సుమారు క్రీ.పూ. 3000, 2500ల మధ్యకాలానివి. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం, పరీక్షించిన 25 మందిలో 10 మంది ఆ పరిసరాలలో చివరిదాకా బ్రతికినవారు కారు. పశ్చిమాన వేల్స్ నుంచి వచ్చి ఉండవచ్చు. వలయంలోని నీలిరాళ్లు కూడా వేల్స్‌వే.

సూర్యుని మాట మాత్రం కొట్టివేయరాదు. వలయపు అక్షం ఒకవైపు జూన్ 21 నాటి సూర్యోదయాన్ని, వెనుదిరిగి చూస్తే డిసెంబరు 21 నాటి సూర్యాస్తమయాన్ని చూపుతుంది. మూడు కిలోమీటర్ల దూరాన డరింగ్టన్ వాల్స్ వద్ద దొరికిన పంది దంతాలను బట్టి, చాలా పందులను తొమ్మిది నెలల వయస్సులో కోశారు. వసంతంలో పుట్టినవైతే అది నడిచలికాలపు విందే. పితరుల కోసం కూడే ఇటువంటి కర్మకు అయనాంతం తెలిస్తే చాలు, గ్రహణగణితం అక్కరలేదు.

చంద్రోదయ స్థానం 18.6 ఏళ్లలో ఊగే తీరును బోధించడానికి ఉపాధ్యాయులు ఈ గ్రంథాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. గోతుల అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం, అస్థికల సంగతి ముందుగా చెప్పి ఆ తరువాత పుస్తకం తెరవడం మంచిది.