మీకెలాంటి పుస్తకాలిష్టమండీ?

లైబ్రరీలో కొత్తగా చేరినవాళ్ళని లైబ్రేరియను గారు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మర్యాదైన ప్రశ్నే. కానీ దాని వెనక అప్పటికే కొన్ని డబ్బాలు సిద్ధంగా ఉంటాయి: సాంఘికం, చారిత్రకం, డిటెక్టివు, హాస్యం, 'ఆడవాళ్ళ నవలలు'. మనం నోరు విప్పీ విప్పకముందే మనల్ని ఓ డబ్బాలో వేసి మూత పెట్టేస్తారు. ఆవకాయ ఇష్టమన్నాం కదా అని మూడు పూటలా ఆవకాయే వడ్డిస్తే ఏమైపోతాం చెప్పండి?

రకాన్ని బట్టి పుస్తకం చెప్పడం తప్పని నేననను. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు నవల ముగించి ఇంకోటి కావాలని వచ్చిన కుర్రాడి చేతిలో 'వేయిపడగలు' పెడితే మళ్ళీ ఆ గడప తొక్కడు. నా పేచీ అంతా రకం దగ్గరే ఆగిపోయేవాళ్ళతోనే.

డిటెక్టివులు చదివే ఇద్దర్ని తీసుకోండి. ఒకరికి చిక్కుముడి విప్పడం సరదా. ఇంకొకరికి 'దొరికిపోతాడేమో' అన్న గుబులు ఇష్టం. మొదటాయనకి మరో డిటెక్టివు ఇవ్వండి, భేషుగ్గా ఉంటుంది. రెండో ఆయనకి రావిశాస్త్రి 'అల్పజీవి' ఇచ్చి చూడండి. అందులో డిటెక్టివు లేకపోయినా సుబ్బయ్య గుండెల్లో దడ ఉంది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని అట్ట ఊడేదాకా చదివిన అమ్మాయికి అలాంటివే మరో పాతిక ఇవ్వొచ్చు. "పెళ్ళయ్యాక ఏమవుతుందో తెలుసుకోవాలని లేదూ?" అంటూ రంగనాయకమ్మ 'బలిపీఠం' కూడా జతచేయొచ్చు కదా!

లెక్కల మేష్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాల పుస్తకం వెలువరించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నది రెండో సూత్రం. దీన్ని అందరూ వల్లిస్తారు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది మూడోది. దీన్నే మరిచిపోతుంటారు.

ఇందులో నా స్వార్థమూ ఉంది లెండి. నాకు తెలిసిన ఒక లైబ్రరీలో నా నవలలన్నీ 'ఆడవాళ్ళ నవలల' బీరువాలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి అప్పులపాలైన రైతు కథ. రాసింది ఆడది కనక దానికీ అక్కడే చోటు. మగవాళ్ళకి దాన్ని ఎవరూ చూపించరు. ఎవరైనా పొరపాటున తీసినా, "మా ఆవిడకండీ" అని చెప్పి మరీ పట్టుకెళతారు!

మాలతీ చందూర్ గారిని చూడండి. 'వంటలు - పిండివంటలు' రాసిన చేత్తోనే 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేశారు. మీకేం ఇష్టమని అడుగుతూ కూర్చోలేదు. కథ చెప్పి ఇష్టం పుట్టించారు.

'ఇది కొన్నవారు అవి కూడా కొన్నారు' అని చెప్పడానికి ఇప్పుడు చేతిలో ఫోనుంది. మనిషి కూడా అదే చెబితే ఇంక మనిషెందుకు?

లైబ్రేరియను గార్లకి నా మనవి ఒక్కటే. "ఎలాంటివి ఇష్టం?" అని కాకుండా, "ఈమధ్య చదివినవాటిలో ఏది మీకు నిద్రపట్టనివ్వలేదు? అందులో ఏముంది?" అని అడగండి. రెండు పుస్తకాలివ్వండి, ఒకటి వాళ్ళు అడిగింది, ఒకటి మీకు తోచింది. రెండోది నచ్చకపోతే తిరిగి తెచ్చిచ్చేస్తారు. లైబ్రరీ పుస్తకమేగా, కొన్నది కాదు కదా!