సెంటిమెంట్: ఒక మాట, అనేక ప్రయోజనాలు

మన భాషలోకి వచ్చిన ఇంగ్లీషు మాటల్లో "సెంటిమెంట్" చేసినంత చాకిరీ మరొకటి చేయలేదనుకుంటాను. ఫలానా తేదీన విడుదలైతేనే సినిమా ఆడుతుందని నిర్మాత నమ్మితే అది సెంటిమెంట్. ఆ సినిమాలో తల్లి ఏడిస్తే సెంటిమెంట్. షేర్ల ధరలు పడిపోతే మదుపుదారుల సెంటిమెంట్ బాగాలేదంటారు. ఒక పుస్తకాన్ని నిషేధించమని ఊరేగింపు తీసినవారు తమ సెంటిమెంట్లు దెబ్బతిన్నాయంటారు. ఒక ప్రాంతం వారు నీళ్లూ ఉద్యోగాలూ అడిగితే అదీ సెంటిమెంటే. మూఢనమ్మకానికీ, కన్నీటికీ, లాభాపేక్షకూ, మతావేశానికీ, న్యాయమైన కోర్కెకూ ఒకే చీటీ అంటించి వదిలేస్తున్నాము. ఇది నిఘంటుకారుల తలనొప్పి మాత్రమే అయితే ఈ పత్రికలో దీన్ని గురించి రాయవలసిన పని లేదు. ఒకే మాట ఇన్ని పనులు చేస్తున్నప్పుడు అది ఎవరి పనులు చేస్తున్నదో తేల్చవలసిన బాధ్యత విమర్శకులది.

పుట్టినచోట ఈ మాట చరిత్ర వేరు. లాటిన్‌లో అనుభవించటం, తెలుసుకోవటం అనే అర్థాలున్న ధాతువునుంచి వచ్చి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. అభిప్రాయమనీ అర్థమే, అనుభూతి అనీ అర్థమే. "సెంటిమెంటల్" అన్న విశేషణం 18వ శతాబ్దం నడుమ హఠాత్తుగా ఫ్యాషనయింది. అందరి నోటా వినిపిస్తున్న ఈ మాటకు అర్థమేమిటని 1749లో లేడీ బ్రాడ్‌షే అనే పాఠకురాలు నవలాకారుడు రిచర్డ్‌సన్‌ను ఉత్తరం రాసి అడిగింది. నేడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఆమె అప్పుడే వేసిందన్న మాట.

1751లో హ్యూమ్, 1759లో ఆడమ్ స్మిత్ నీతికి పునాదిని సెంటిమెంటులో వెతికారు. "నైతిక సెంటిమెంట్ల సిద్ధాంతం" అన్న గ్రంథంలో స్మిత్ చెప్పేది వట్టి జాలిగుండె కాదు. ఎదుటివాడి స్థితిలో మనల్ని నిలుపుకొని, అతని దుఃఖమో కోపమో ఆ స్థితికి తగినదా కాదా అని తూచే శక్తి అది. అంటే ఆనాడు ఈ మాటలో తలా గుండే రెండూ వున్నాయి. ధనవంతుల్ని మెచ్చుకుని బీదల్ని చిన్నచూపు చూసే అలవాటే మన నైతిక సెంటిమెంట్లను చెడగొడుతున్నదని 1790 కూర్పులో చేర్చిన అధ్యాయంలో స్మిత్ వాదించాడు. పెట్టుబడిదారీ అర్థశాస్త్రానికి మూలపురుషుడైన మనిషి ఈ మాట అన్నాడన్నది మన విద్యార్థులు గమనించదగ్గ విషయం.

ఈ తలా గుండే విడిపోవటం తరువాతి కథ. 1768లో స్టెర్న్ "సెంటిమెంటల్ ప్రయాణం" వచ్చిన తరువాత కొంతకాలం కన్నీరు పెట్టగలగటమే సంస్కారానికి గుర్తయింది. అయితే ఆ కన్నీటికి పక్కనే ఒక చక్కెర గిన్నె వుంది. కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చక్కెరను తేనీటిలో కలుపుకుంటూ, ఆ బానిసల కథలు చదివి ఏడ్చిన కుటుంబాలు ఇంగ్లండులో ఎన్నో. 1791లో బానిస వ్యాపార నిషేధ ప్రతిపాదనను పార్లమెంటు తోసిపుచ్చింది. అప్పుడు వేలాది ఇళ్లలో ఆ చక్కెరను బహిష్కరించారు. అదే ఏడు శాన్ డొమింగో దీవిలో బానిసలు స్వయంగా తిరగబడ్డారు. చక్కెర మానిన ఇంట్లో సెంటిమెంట్ క్రియగా మారింది. మాననివారి ఇంట్లో అది విలాసంగా మిగిలింది. మాట ఒకటే, మనిషి చేసిన పని వేరు. ఈ తేడాను మనం మరిచిపోకూడదు.

19వ శతాబ్దంలో "సెంటిమెంటల్" తిట్టయింది. కన్నీటి నవలలు వెగటు పుట్టించటం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఫ్యాక్టరీ యుగమని నా అభిప్రాయం. లాభనష్టాల లెక్క మగవాడి వివేకమైంది. అనుభూతిని ఇంటికీ ఆడవారికీ వదిలేశారు. గని యజమాని లెక్క వేస్తే అది వాస్తవిక దృష్టి, గనిలో పసివాళ్ల చావు చూసి ఎవరైనా కదిలిపోతే అది సెంటిమెంటు. ఈ విభజనను మనం ఇంగ్లీషుతోపాటు దిగుమతి చేసుకున్నాము.

1929లో ఐ.ఎ. రిచర్డ్స్ "ప్రాక్టికల్ క్రిటిసిజం"లో ఈ దోషాన్ని చర్చించాడు. స్పందన సందర్భాన్ని మించిపోవటం అన్న సూత్రాన్ని మన అధ్యాపకులు పాఠంగా చెపుతూనే వున్నారు. కాని ఆ అధ్యాయం శీర్షికలో సెంటిమెంటాలిటీ పక్కనే అనుభూతిని అణచుకోవటం కూడా వుందని చెప్పేవారు తక్కువ. కదిలించవలసిన దాని ముందు కదలకుండా కూర్చోవటం కూడా రోగమే. ఒక కథలో కూలిమనిషి బిడ్డ మందులేక చనిపోతే "సెంటిమెంటల్‌గా వుంది" అని ఒక్క ముక్కలో తేల్చే సమీక్షకుడు, ఆ రచన లోపాన్ని చూపుతున్నాడా, తన మొద్దుబారినతనాన్ని చూపుతున్నాడా అని నేను అడుగుతాను. మన అభ్యుదయ విమర్శకులు కూడా దీనికి అతీతులు కారు.

ఈ చిక్కు విప్పటానికి మన అలంకారశాస్త్రంలోనే ఒక పనిముట్టు వుంది. మనోమోహన్ ఘోష్ నాట్యశాస్త్రాన్ని ఇంగ్లీషులోకి అనువదిస్తూ "రసం" అన్నదానికి "సెంటిమెంట్" అనే మాట వాడాడు. అనువాదం సరిపోయిందా లేదా అన్నది వేరే చర్చ. నాకు కావలసింది భరతుడు రసానికి పెట్టిన షరతు. విభావం లేకుండా రసం లేదు. విభావమంటే కారణం: ఎవరిని గురించి, ఏ పరిస్థితిలో ఆ భావం పుట్టిందన్నది. దీన్ని రాజాస్థానాల శృంగారానికే పరిమితం చేయనక్కరలేదు. ప్రతి కన్నీటినీ "నీ విభావమేది?" అని అడగవచ్చు.

మన సినిమాల "మదర్ సెంటిమెంట్" ఈ పరీక్షలో ఎందుకు ఓడిపోతుందో చూడండి. తల్లి కుట్టుమిషను తొక్కి కొడుకును చదివిస్తుంది, దగ్గుతుంది, కన్నీరు కారుస్తుంది. ఆమె కూలి ఎందుకంత తక్కువో, ఆసుపత్రి ఎందుకందలేదో కథకు అక్కరలేదు. కారణాన్ని దాచిపెట్టి కన్నీటిని మాత్రం మనకు అమ్ముతారు. తప్పు ఏడుపులో లేదు, దాచటంలో వుంది.

గురజాడకు ఈ రహస్యం తెలుసు. "కన్యాశుల్కం"లో గిరీశం ఇంగ్లీషు ముక్కలతో వితంతువుల మీద జాలి ఒలకబోస్తాడు. ఆ జాలికి విభావం బుచ్చమ్మ కష్టం కాదు, గిరీశం అవసరం. మధురవాణి ఉపన్యాసాలివ్వదు, సుబ్బి అనే పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టే పెళ్లి తప్పించే పన్నాగానికి తోడ్పడుతుంది. చక్కెర మానినవారికీ మాననివారికీ వున్న తేడాయే వీరిద్దరి మధ్యా వుంది.

రాజకీయాల్లో ఈ మాట చేసే అపకారం మరింత పెద్దది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో హామీలున్నాయి, 1969లో విద్యార్థులు తుపాకి గుండ్లకు బలయ్యారు, 1985లో 610 జీవో వచ్చింది. ఇవన్నీ కాగితం మీద చూపగలిగిన సంగతులు. అయినా 2014లో రాష్ట్రం ఏర్పడేదాకా వీటన్నిటికీ కలిపి "తెలంగాణ సెంటిమెంట్" అనే పేరు. కోర్కెను సెంటిమెంటన్న మరుక్షణం దానికి జవాబు చెప్పనక్కరలేదు, ఓదారిస్తే చాలు. విశాఖ ఉక్కు సంగతీ అంతే. 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు 2021లో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించినప్పుడు, భూములిచ్చిన రైతుల హక్కూ కార్మికుల బతుకూ "ఆంధ్రుల సెంటిమెంట్"గా కుదించుకుపోయాయి. దీనికి రెండోవైపు కూడా వుంది. అధికారం కావలసిన పార్టీలు తామే సెంటిమెంటును రగిలించి, గెలిచాక ఉద్యోగాల లెక్క అడిగినవారికి జెండా చూపిస్తాయి. పై నుంచి కొట్టిపారేసినా, పక్కనుంచి రెచ్చగొట్టినా మాయమయ్యేది విభావమే.

చివరిది మనోభావాల సంగతి. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షను, నేటి న్యాయసంహితలో 299వది, మతభావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచటాన్ని నేరమంటుంది. బుద్ధిపూర్వకమైన దురుద్దేశం వుంటేనే ఈ సెక్షను వర్తిస్తుందని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. వీధిలో మాత్రం ఆ షరతు ఎగిరిపోయింది; "దెబ్బతిన్నది" అంటే చాలు, పుస్తకం మూయవలసిందే. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయవద్దన్న దళితుల మనోభావం ఎవరి లెక్కలోకి వచ్చింది? ఆ మాట అన్నందుకు వారిని చంపారు. ఎవరి గాయం సెంటిమెంటో, ఎవరి గాయం వట్టి గొడవో నిర్ణయించేది కులమూ వర్గమూ అని ఇంతకన్నా స్పష్టంగా చెప్పనక్కరలేదు.

ఈ మాటను బహిష్కరించమని నేను అనను. జనం నోట్లో పడ్డ మాటను ఎవరూ వెలివేయలేరు. మనం రాసేటప్పుడూ పాఠం చెప్పేటప్పుడూ మాత్రం "సెంటిమెంట్" అని కలం ఆగినచోట మూడు సంగతులు చూసుకుందాము. ఈ భావానికి కారణం కనబడుతున్నదా, ఎవరైనా దాచారా? భావం ఆ కారణానికి తగినంత వుందా? అది మనిషిని ఏ పనికి పురికొల్పుతున్నది? వీటికి జవాబు రాసిన తరువాత, చాలాచోట్ల ఆ మాటతో పనే వుండదు. దాని స్థానంలో దుఃఖమనో, హక్కనో, మూఢనమ్మకమనో, మోసమనో అసలు పేరు రాయగలుగుతాము.