విప్పకుండానే పట్టేసేవాళ్లు

పాత లారీ స్టార్ట్ కానప్పుడు పానా పట్టకముందే సగం పని అయిపోవాలి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో చేయి తిరిగిన డీజిల్ మెకానిక్ ఎవర్ని చూసినా ఇది తెలుస్తుంది. "పొద్దున్నుంచి సెల్ఫ్ కొడుతూనే ఉన్నా బాబాయ్, పలకడం లేదు" అంటూ డ్రైవరు వస్తాడు. మెకానిక్ ఇంజన్ వంక కూడా చూడడు. "ముందు ఆ కొట్టడం ఆపరా. రాత్రి బండి ఎక్కడ పెట్టావు, మిట్ట మీదా? డీజిల్ ఎక్కడ పోయించావు? ఫిల్టర్ మార్చారా?" అని ఆరా తీస్తాడు. పక్కనున్నవాళ్లకి అవి కాలక్షేపం కబుర్లలా ఉంటాయి. ఒక్కో జవాబుతో ఇంజన్‌లో వెతకాల్సిన చోటు ఎంత తగ్గిపోతోందో ఆయనకే తెలుసు.

ఇక్కడ పాత లారీ అంటే కంప్యూటర్ లేని లారీ. 1954లో టాటాల టెల్కో, డైమ్లర్-బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో తయారు చేయడం మొదలుపెట్టిన బెంజి లారీలు, 1969లో ఆ ఒప్పందం ముగిశాక అదే వరసలో వచ్చిన టాటా 1210 లాంటివి, అశోక్ లేలాండ్ కామెట్లు. వీటిలో చాలావాటికి డీజిల్ అందించేది మైకో పంపు. 1951లో పుట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారింది కానీ షెడ్లలో ఇప్పటికీ మైకోయే.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లో గాలిని దాదాపు పదిహేడో వంతుకు నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అప్పుడు నాజిల్ నుంచి తుంపరగా పడిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. కాబట్టి ఇంజన్ చాలినంత వేగంగా తిరుగుతోందా, గాలి సరిగా నొక్కుకుంటోందా, డీజిల్ వేళకు పడుతోందా అన్న మూడే చూసుకోవాలి. తిరగడమే సరిగా లేనప్పుడు మిగతా రెండూ అడిగి లాభం లేదు.

తిరగడం సంగతి హెడ్‌లైట్ చెబుతుంది. లైటు వేసి సెల్ఫ్ కొట్టమంటారు. లైటు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీలో దమ్ము లేదు, లేదా టెర్మినల్ పట్టు తప్పింది. లైటు వెలుగుతూనే ఉండి సెల్ఫ్ ఉలకకపోతే కరెంటు అక్కడిదాకా చేరడం లేదు. కాసేపు సెల్ఫ్ కొట్టాక టెర్మినళ్లు చేత్తో తాకి చూస్తారు. కాలే టెర్మినల్ దగ్గరే లోపం, ఎందుకంటే సెల్ఫ్‌కి పోవాల్సిన కరెంటు అక్కడ వేడిగా వృథా అవుతోంది. కొత్త బ్యాటరీ కొన్న తర్వాత కూడా బండి మొరాయించిందంటే, చాలాసార్లు బాడీకి బిగించిన ఎర్త్ వైరు కింద తుప్పు ఉంటుంది. కొత్త బ్యాటరీకి డబ్బు పోసిన పని ఇసక కాగితంతో అయిపోయేది.

సెల్ఫ్ బాగానే తిరుగుతుంటే సైలెన్సర్ వైపు చూడాలి. పొగే రావడం లేదంటే డీజిల్ సిలిండర్‌లోకి పడటం లేదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ పడుతోంది కానీ అంటుకోవడం లేదు: ఇంజన్ చల్లగానైనా ఉండాలి, రింగులు అరిగి కంప్రెషన్ అయినా పోయి ఉండాలి, పంపు టైమింగ్ అయినా తప్పి ఉండాలి. పొగ రాని బండిని బోరుకు విప్పాలనే మెకానిక్ నుంచి తాళం చెవి వెనక్కి తీసుకోవడం మంచిది.

పొగ రాకపోతే ముందు చూడాల్సింది స్టాప్ వైరు. ఈ బండ్లలో తాళం తిప్పితే ఇంజన్ ఆగదు, డాష్‌బోర్డు దగ్గర నాబ్ లాగితే పంపు డీజిల్ ఇవ్వడం మానేస్తుంది. ఆ వైరు తుప్పు పట్టి లాగిన చోటే ఇరుక్కుంటే ఎంత సెల్ఫ్ కొట్టినా అంతే. వైరు నెట్టగానే బండి స్టార్టయితే డ్రైవరు ముఖం చూడాలి.

అది కాకపోతే డీజిల్ పైపుల్లో గాలి పట్టి ఉంటుంది. ఈ పనిలో చూసి తీరాల్సిన ఘట్టం ఇదే. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు పక్కన చిన్న హ్యాండ్ పంపు ఉంటుంది. దాని పిడిని మర తిప్పి వదులు చేసి కొడుతుంటే, ఫిల్టర్ నెత్తిన వదులు చేసిన స్క్రూ దగ్గర ముందు బుసబుసమని నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని డీజిల్ సన్నటి ధారగా వస్తుంది. ధార వస్తుండగానే, కొట్టడం ఆపకుండా, రెండో చేత్తో స్క్రూ బిగించాలి. ఆపి బిగిస్తే మళ్లీ గాలి దూరుతుంది. తర్వాత మైకో పంపు స్క్రూ దగ్గర ఇదే వరస. చివరగా నాజిళ్ల దగ్గర పైపు నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొడితే ఒక్కో నట్టు దగ్గరా డీజిల్ చిమ్ముతుంది. అప్పుడు ముఖం, చేతులు దూరంగా ఉండాలి. నాజిల్ తెరుచుకోవడానికే 200 బార్ దాకా ఒత్తిడి కావాలి. విప్పిన నాజిల్‌ని పరీక్షించేటప్పుడు ఆ తుంపర చర్మంలోకి సూదిలా దిగితే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది గానీ ఆలస్యం చేస్తే వేలు పోతుంది. ఒట్టి చేత్తో తుంపర పట్టి చూపించే పనితనాన్ని ఎవరూ మెచ్చుకోకూడదు.

గాలి తీసేస్తే బండి స్టార్టవుతుంది. ఎక్కడ దూరిందో కనిపెట్టకపోతే రేపు పొద్దున్న మళ్లీ అదే కథ. డీజిల్ కారుతుంటే కంటికి కనిపిస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు మాత్రం పీల్చే పైపు. దాని పగుల్లోంచి డీజిల్ బయటకు రాదు, గాలి లోపలికి పోతుంది. మిట్ట మీద పెట్టావా అని మొదట అడిగింది అందుకే: ముందుభాగం ఎత్తుగా ఉంటే రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. దీనికి మెకానిక్‌లు వాడే ఉపాయం చవకైనది. ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, ఇంజన్ కన్నా ఎత్తులో కట్టి, ట్యూబుతో నేరుగా ఫీడ్ పంపుకి ఇస్తారు. బండి పలికిందా, లోపం ట్యాంకు వైపు ఉంది. పలకలేదా, పంపు వైపు. ట్యాంకు వైపైతే జాలీలో చెత్త, పగిలిన పైపు, మూసుకుపోయిన మూత రంధ్రం. ఆ రంధ్రం పూడిపోతే ట్యాంకులోకి గాలి రాక డీజిల్ కదలదు. మూత వదులు చేయగానే బుస్సుమంటే దొరికినట్టే.

గాలి దూరే ఇంకో చోటు, డీజిల్ పైపుల్ని బిగించే బాంజో బోల్టులు. వాటి కింద రాగి వాషర్లు ఉంటాయి. వాడగా వాడగా అవి గట్టిపడి, ఎంత బిగించినా అతుక్కోవు. కొత్తవి దొరకని చోట పాతవాటినే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తారు. ఉక్కుని అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. లోహశాస్త్రం పుస్తకం ముట్టని మనిషి కూడా ఈ తేడాలో పొరపడడు.

మైకో పంపు జోలికి మాత్రం మంచి మెకానిక్ పోడు. అందులో ప్లంజరుకీ బారెల్‌కీ మధ్య సందు 2, 3 మైక్రాన్లే. ఒకదాని ప్లంజర్ ఇంకోదాని బారెల్‌లో వేయకూడదు, రెండూ కలిపి అరగదీసిన జంటలు. దుమ్ము లేని గదిలో, టెస్ట్ బెంచి మీద చేసే పని అది. పంపు నాది కాదు అని చెప్పగలగడం కూడా పనితనంలో భాగమే.

ఈ విద్యకు లోపాలు లేకపోలేదు. షెడ్లలో ఎవరూ రాసి పెట్టలేదు, చూసి నేర్చుకోవాల్సిందే. ఆ నేర్చుకోవడం తరతరాలుగా చిన్న వయసు పిల్లల మీద, తిట్లూ దెబ్బల మధ్య నడిచింది. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ చట్టం నిషేధించింది, సొంత కుటుంబానికి సాయపడటం లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. అది అవసరమైన చట్టమే. దానికి తోడు ఐటీఐల్లో పాత ఇంజన్ ఒకటి పెట్టి, కావాలని గాలి పట్టించి, కనిపెట్టమని పిల్లలకి వదిలేస్తే బాగుండేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లకు స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది నిజమే. కానీ ఎర్త్ వైరు కింద తుప్పు పడితే ఆ కోడ్ ఇంకెక్కడో సెన్సార్‌ని చూపించవచ్చు.

పాత పద్ధతిలో ఒక్క అలవాటు ప్రమాదకరం, స్టార్ట్ కాని బండిని వెంటనే తాడేసి లాగించడం. హెడ్ ప్యాకింగ్ పోయి సిలిండర్‌లో నీళ్లు చేరి ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు దబ్బుమని ఆగిపోతుంది. నీళ్లు గాలిలా నొక్కుకోవు. అలాంటి ఇంజన్‌ని ఇంకో లారీ బలంతో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ప్యాకింగ్‌తో పోయేది ఇంజన్ మీదికి వస్తుంది.

ఇప్పుడు ఈ చూపుకి గిరాకీ సెకండ్ హ్యాండ్ బండ్ల బేరాల్లో ఎక్కువ. పాత లారీ కొనేవాళ్లు మెకానిక్‌ని వెంట తీసుకెళ్తారు. ఆయన ముందు రంగు చూడడు, టైర్లు చూడడు, బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి వేస్తాడు. వెచ్చగా తగిలితే, మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. బేరం మాట్లాడకుండా, రేపు తెల్లవారుజామున వస్తాం, అప్పటిదాకా ముట్టుకోవద్దని చెప్పి వచ్చేస్తాడు.