వెల్ఫుల మూలకథ అల్లిన చేయి

మన తాతముత్తాతల కాలపు వెండి రూపాయి మీద కనిపించే విక్టోరియా రాణి పుట్టింది హానోవర్ వంశంలో. ఆ వంశాన్ని వెనక్కి పట్టుకుపోతే దక్షిణ జర్మనీలో, కాన్‌స్టాన్స్ సరస్సుకు ఉత్తరాన ఏలిన వెల్ఫ్ ప్రభువుల ఇంటికి చేరుతాం. ఆ ఇల్లు ఎలా మొదలైందో 1170 ప్రాంతంలో ఒకాయన లాటిన్‌లో రాసిపెట్టాడు. తన పేరు ఎక్కడా చెప్పుకోలేదు. ఆ పుస్తకాన్నే ‘హిస్టోరియా వెల్ఫోరుమ్’ అంటారు. రాజులకూ మఠాలకూ చరిత్రలు అప్పటికే ఉన్నాయి. రాజు కాని ఒక ప్రభువుల ఇంటికి ఇంత నిండుగా రాసిన చరిత్ర జర్మన్ నేల మీద ఇదే మొదటిదని పరిశోధకుల లెక్క. అంతకు నలభై ఏళ్లకు పైగా ముందు వచ్చిన ‘గెనెయలోగియా’ పొట్టి వంశావళి మాత్రమే.

ఈ రచయిత నేర్పు మొదటి వాక్యాలలోనే తెలిసిపోతుంది. చరిత్ర గ్రంథాలు, పాత దానపత్రాలు శ్రమపడి వెతికామనీ, షార్లమాన్ కాలంలో ఉన్న వెల్ఫ్ అనే కౌంటు కంటే ముందువారి పేరు ఒక్కటి కూడా దొరకలేదనీ ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, పేర్లు తెలియకపోయినా వంశం అంతకంటే పాతదేననీ, ట్రాయ్ నుంచి వచ్చిన ఫ్రాంకుల సంతతి అనీ చెబుతాడు. ట్రాయ్ కథ ఆ కాలంలో అందరూ చెప్పుకున్నదే. అయినా ట్రాయ్ నుంచి షార్లమాన్ కాలం దాకా తరతరాల దొంగ వంశావళి అల్లలేదు. పోషకుడిని మెప్పించాల్సిన చోట ఈ నిగ్రహం చూపడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అతని కళకు అసలు పరీక్ష ఎటిఖో కథ. ఎటిఖో ఎవరికీ తలవంచని ప్రభువు. కొడుకు హైన్రిష్ మాత్రం తండ్రికి తెలియకుండా చక్రవర్తికి సామంతుడయ్యాడు. అందుకు బవేరియా ఎగువ ప్రాంతంలో నాలుగు వేల కమతాల భూమి దక్కింది. సంగతి తెలిసిన తండ్రి తన ఇంటి స్వేచ్ఛ మట్టిపాలైందని కుమిలిపోయాడు. పన్నెండుమంది తోడుతో కొండల్లోని అమ్మర్‌గావ్‌కు వెళ్లిపోయి, చచ్చేదాకా కొడుకు మొహం చూడలేదు.

ఇది ఇంటిగుట్టు. కొలువుకు దగ్గరివాడైన రచయిత దీన్ని దాటేసి ఉండొచ్చు, లేదా చివర్లో తండ్రీకొడుకులను కలిపేసి ఉండొచ్చు. ఆ రెండూ చేయలేదు. భూమిని కొడుకు పేరిట ఉంచాడు, అభిమానాన్ని తండ్రి పేరిట ఉంచాడు. చదివేవాడికి చివరికి మిగిలేది ఏమిటి? వెల్ఫులకు చక్రవర్తి ఇచ్చిన సంపద ఉంది, చక్రవర్తికి తలవంచడం అవమానమనుకున్న రక్తమూ ఉంది. ఒకదాన్నొకటి కొట్టేసే రెండు గొప్పలను ఒకే కథలో నిలబెట్టి, ఎటువైపూ తీర్పు చెప్పకుండా వదిలాడు. ఇంత పొదుపైన కథనం ఆ శతాబ్దపు గ్రంథాలలో నాకు ఎక్కువగా కనబడలేదు.

రెండో చిక్కు ఇంకా కఠినమైనది. 1055లో కారింథియా డ్యూకుగా ఉన్న మూడవ వెల్ఫ్ పిల్లలు లేకుండా బోడ్‌మన్ కోటలో చనిపోయాడు. ఆస్తి అంతా ఆల్ట్‌డోర్ఫ్ మఠానికి రాసిచ్చాడు. అంటే మగసంతతి అక్కడితో తెగింది. ఇటలీలోని ఎస్తె ప్రభువు ఆట్సోకు ఇచ్చిన తన కూతురికి ఒక కొడుకు ఉన్నాడని ఎరిగిన మూడవ వెల్ఫ్ తల్లి ఇమిత్సా మనుషులను పంపి ఆ మనవణ్ని రప్పించింది. అతడు వచ్చి, దానం చెల్లదనీ నిజమైన వారసుణ్ని తానేననీ నిలబడ్డాడు. అతడే నాలుగవ వెల్ఫ్, 1070లో బవేరియా డ్యూకు అయినవాడు. ఇక్కడ రచయిత అతుకును దాచలేదు, పైగా కథ అంతా ఆ ముసలితల్లి తెలివి మీదే నడిపాడు. కూతురి బిడ్డతో నిలిచిన వంశం కూడా వంశమేనని పాఠకుడు వాదన లేకుండానే ఒప్పుకుంటాడు.

ఆ పట్టుదల ఎందుకో రాసిన కాలాన్ని చూస్తే అర్థమవుతుంది. 1167లో ఇటలీ దండయాత్రలో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా సైన్యాన్ని అంటువ్యాధి చుట్టేసినప్పుడు ఏడవ వెల్ఫ్ చనిపోయాడు. అతని తండ్రి ఆరవ వెల్ఫ్‌కు మరో కొడుకు లేడు; ఆయన ఇంట మగసంతతి మళ్లీ తెగబోతోంది. ఈ గ్రంథం ఆయన చుట్టూ ఉన్నవారి మధ్యే పుట్టిందని చాలామంది నమ్మకం.

కొన్నేళ్ల తర్వాత వైన్‌గార్టెన్ మఠంలో ఈ చరిత్రను ఎక్కించిన చేతిప్రతి ఇప్పుడు ఫుల్డా గ్రంథాలయంలో ఉంది. అందులో వెల్ఫుల వంశవృక్షాన్ని రంగుల్లో గీశారు. ఒక ప్రభువుల ఇంటికి వేసిన ఇలాంటి చిత్రాలలో అతి పాతవాటిలో అది ఒకటి. మూలపురుషుడు అడుగున, తరాలు పైకి. పై చోటు మాత్రం వెల్ఫ్ మగవాడిది కాదు, బార్బరోసాది. ఆయన తల్లి యూడిత్ వెల్ఫుల ఆడపడుచు. ఎదుటి పుటలో ఆయనే ఇద్దరు కొడుకుల నడుమ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. ఆరవ వెల్ఫ్ స్వాబియా ఆస్తులు దక్కింది ఆ మేనల్లుడి ఇంటికే. రచయిత ఇమిత్సా కథలో పరిచిన దారిలోనే చిత్రకారుడూ నడిచాడు.