గ్రీకుల నగరరాజ్యములు – పౌరత్వము

గ్రీకుల ‘పొలిస్’ అను పదమును మన చరిత్రకారులు ‘నగరరాజ్య’మని తెనిఁగించుచున్నారు. ఈ మాట సగము సత్యమునే తెలుపును. వేలూరు కోటను చూచిన మనకు నగరమనఁగా ప్రాకారము, అగడ్త, ఆలయము స్ఫురించుట సహజము. కాని స్పార్టాకు మహోన్నత దశలో ప్రాకారమే లేదు. అయినను అది పొలిస్సే. గోడలుగాక పౌరులే దానికి ప్రాణము.

క్రీ.పూ. 8వ శతాబ్దినుండి కొండలచే వేరుపడిన లోయలలోను, సముద్రతీరములందును ఇట్టి పౌరసంఘములు వందలకొలది వెలసెను. ఏథెన్సులో క్రీ.పూ. 594లో సోలోను ఋణదాస్యమును తొలగించెను. 508లో క్లైస్థెనీసు పౌరులను వంశములనుబట్టిగాక గ్రామములనుబట్టి విభజించెను. ఇంతవరకు ప్రశంసార్హమే.

అయితే క్రీ.పూ. 451 నాటి పెరిక్లీసు శాసనము తల్లిదండ్రులిరువురును ఏథెన్సువారైననే పౌరత్వమనెను. తరతరములుగా అచ్చట వసించి పన్నులిచ్చిన పరదేశీయులకు సభలో స్థానము లేదు. స్త్రీలకును, బానిసలకును లేదు. దీనిని ఒక్క వాక్యముతో దాఁటివేయుట చరిత్రగ్రంథములకు న్యాయము కాదు.

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. 1911లో ఉత్తరార్కాటునుండి చిత్తూరు మండలము వేరుపడినపుడు వేలూరు, గుడియాత్తములు ఈవలనే నిలిచెను. 1956లో రాష్ట్రములు భాషానుసారముగా ఏర్పడెను. ఎల్లలు కదలినను ఇచ్చటి తెలుగువారు పరదేశీయులు కాలేదు. 1950 నాటి రాజ్యాంగము పౌరత్వమునకు భాషను కొలఁతగా గొనలేదు. గుడియాత్తమున మగ్గముకడ తెలుఁగాడు నేతకానికిఁ గల వోటు, ఏథెన్సున ఎరెక్థియాను ఆలయమును చెక్కిన పరదేశి శిల్పికి లేదు.

కావున పొలిస్సును పొగడునపుడు సభలోఁ గూర్చున్నవారినేగాక, వెలుపల నిలిచినవారినిఁ గూడ లెక్కింపవలయును.