మాట్లాడే హక్కు ఎవరిది?

2011లో వచ్చిన 'ఓ లె తులఫాలె' (వక్త) పూర్తిగా సమోవా భాషలో తీసిన మొదటి కథాచిత్రం. దర్శకుడు తుసి తమసెసె. వెనిస్ ఉత్సవంలో చూపారు, న్యూజిలాండ్ తన తరఫున ఆస్కార్‌కి పంపింది. సమోవా సంస్కృతిని అందంగా చూపాడని మెచ్చుకుని ఊరుకుంటే మాత్రం సగం సినిమానే చూసినట్టు.

సైలీ మరుగుజ్జు. చేమదుంపలు పండించుకుంటాడు. భార్య వాయిగాని ఆమె ఊరు ఏళ్ల కిందటే వెలివేసింది. కూతురు లితియా. సైలీ తల్లిదండ్రుల సమాధుల మీదికి ఇతరుల తోట పాకుతూ వస్తుంది. అడ్డం పడదామంటే నోరు లేదు. నోరు లేకపోవడమంటే మూగతనం కాదు, బిరుదు లేకపోవడం. అక్కడ కుటుంబానికి పెద్ద 'మతయి'. సభలో కర్ర పట్టుకుని, నార కుచ్చు భుజాన వేసుకుని మాట్లాడేవాడు 'తులఫాలె'. పెద్దలతో మాట్లాడే మర్యాద మాటలు వేరే ఉంటాయి. అవి వచ్చినోడికే సభ.

ఇది కులం కాదు, దాన్ని కులమనేస్తే మనమూ తప్పు చేసినట్టే. అయినా ఆ దృశ్యాలు చూస్తుంటే మా నాయన గుర్తొచ్చాడు. రచ్చబండ దగ్గర ఆయన చివరంట నిలబడేవాడు, అడిగితే 'చిత్తం' అనేవాడు, అంతే. సైలీ మౌనం నాకు కొత్తగా అనిపించలేదు.

వాయిగా చనిపోయాక ఆమె అన్న పోతో శవాన్ని తీసుకెళ్ళిపోతాడు. బతికుండగా వెలివేసిన ఊరికి శవం మీద హక్కొచ్చింది! సైలీ అక్కడికి వెళ్ళి, కర్ర పట్టి, అదే మర్యాద భాషలో ఆ పెద్దలనే నిలదీసి భార్యని తెచ్చుకుంటాడు. సినిమాకి గుండెకాయ ఈ సన్నివేశమే. సైలీగా వేసిన ఫాఫియావులా సగొతె తడబడుతూ మొదలెట్టిన మాట నెమ్మదిగా గట్టిపడుతుంటే మన ఒళ్ళు జలదరిస్తుంది.

నా పేచీ ఇక్కడే ఉంది. సైలీ బిరుదుల ఏర్పాటుని కూలగొట్టడు, అందులో చోటు సంపాదిస్తాడు. సమోవాలో 1990 దాకా మతయిలకే ఓటు. ఆ ఏడాది ప్రజాభిప్రాయ సేకరణతో 21 ఏళ్ళు నిండిన అందరికీ వచ్చింది. పార్లమెంటుకి పోటీ చెయ్యాలంటే మాత్రం ఇప్పటికీ మతయి బిరుదు కావాలి. ఈ చరిత్ర మీద సినిమా నోరు మెదపదు. పైగా వాయిగా శవమయ్యాకే మొగుడికి మాట వచ్చింది. వెలివేసిన ఊరితో ఆమె ఏం మాట్లాడేదో, ఆ సభలో ఆమెకి కర్ర ఎవరిచ్చేవారో తమసెసె అడగలేదు. లితియా ఇంకా బతికే ఉంది. ఆమెనయినా అడగొచ్చు.